బెజవాడ ఎండలో పెరిగినవాళ్ళు కెమెరా పట్టుకుని ఒంటరిగా మంచుకొండలకి వెళ్ళాలంటే

ముందుగా ఒక పని చెయ్యండి. కొండ మీదికి తీసుకెళ్దామనుకుంటున్న కెమెరా సామానంతా ఒక సంచిలో వేసి తూకం వెయ్యండి. నేను ఆటోనగర్లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాస్తాను కాబట్టి మా కాటా మీదే పెట్టాను. బాడీ, రెండు పెద్ద లెన్సులు, ట్రైపాడు, ఫిల్టర్లు, చార్జరు అన్నీ కలిపి ఆరు కిలోల రెండొందల గ్రాములు తూగింది. రోజూ గేర్‌బాక్సులు మోసే మా కుర్రాడు చూసి "ఇంతేగా సార్" అన్నాడు. నిజమే, ఆటోనగర్లో ఆరు కిలోలు ఒక బరువే కాదు. కానీ ఐదు వేల మీటర్ల ఎత్తులో, పది అడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకునే చోట, ఆ ఆరు కిలోలే మెడకి కట్టిన రుబ్బురోలు అవుతాయి. నేను నేపాల్ వెళ్ళేసరికి దాన్ని రెండు కిలోల లోపుకి దించాను, ఇంకో అరకిలో కూడా దించాల్సింది.

నేను ఫొటోలు తీసి బతికేవాణ్ణి కాదు. ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి సూర్యోదయం తీసి, ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చూసుకుని మురిసిపోయే రకం. ఇప్పటిదాకా విదేశాల్లో రెండు కొండలు ఎక్కాను, రెండూ ఒంటరిగానే. ఒకటి శ్రీలంకలో శ్రీపాద, రెండోది నేపాల్లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో ఉన్న కాలా పత్తర్. తాళ్ళు కట్టుకుని గొడ్డళ్ళు పట్టుకుని ఎక్కేవాళ్ళు నవ్వుకునేంత చిన్న లెక్క ఇది. అయినా చలి అంటే డిసెంబర్లో ఫ్యాను రెండు మీద పెట్టుకోవడం అనుకునే మనలాంటివాళ్ళకి నేను చేసిన తప్పులు పనికొస్తాయని రాస్తున్నాను.

ఒంటరిగా ఎందుకు అని మా అమ్మ అడిగింది. "ఇంతమంది స్నేహితులున్నారు కదరా, ఒక్కడికీ తీరిక లేదా?" అంది. తీరిక ఉంది, ఓపికే లేదు. ఒక మబ్బు పక్కకి జరగడం కోసం నలభై నిమిషాలు చలిలో నిలబడేవాడితో ప్రయాణం ఎవరికైనా శిక్షే. స్నేహితులతో వెళ్తే వాళ్ళు విసుక్కుంటారు, లేదంటే మొహమాటానికి మీరే మంచి వెలుగు వదులుకుని కదులుతారు. నా వరకు ఒంటరి ప్రయాణానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

ఏ కొండతో మొదలుపెట్టాలి

సరాసరి ఎవరెస్ట్ దారి పట్టకండి. మొదటి విదేశీ కొండగా నేను శ్రీపాద చెప్తాను. ఎత్తు 2,243 మీటర్లే, కాబట్టి ఎత్తు వల్ల వచ్చే జబ్బు భయం దాదాపు ఉండదు. డిసెంబర్ పౌర్ణమి నుంచి మే పౌర్ణమి దాకా యాత్ర సీజను, అప్పుడు దారి పొడుగునా లైట్లు వెలుగుతుంటాయి, టీ కొట్లు ఉంటాయి, అర్ధరాత్రి కూడా జనం ఎక్కుతూనే ఉంటారు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే ధైర్యమిచ్చే కొండ దొరకదు. కొలంబో ఫోర్ట్ స్టేషన్లో రైలెక్కి హట్టన్‌లో దిగి, అక్కడ బస్సు పట్టుకుని నల్లతన్నియ చేరితే కొండ అడుగున ఉన్నట్టే. వీసా విషయం బయల్దేరే ముందు వాళ్ళ ప్రభుత్వ సైటులో చూసుకోండి, ఎవరో చెప్పింది నమ్మకండి. పైన ఉన్న పాదముద్ర బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, ఆదాముదని ముస్లింలు అంటారు. ఎవరి నమ్మకం వాళ్ళది, మెట్లు మాత్రం అందరికీ ఒకటే. మొత్తం ఐదు వేల పైచిలుకు మెట్లు.

రాత్రి రెండింటికి మొదలుపెడితే తెల్లవారేసరికి పైకి చేరతారు. అక్కడ అందరూ తూర్పు వైపు తిరిగి ఫోన్లు పైకెత్తుతారు, మీరు మాత్రం వెనక్కి తిరగండి. సూర్యుడు పైకి రాగానే కొండ నీడ పడమటి వైపు పొగమంచు మీద గీత గీసినట్టు ముక్కోణంలా పడుతుంది, కాసేపట్లో కరిగిపోతుంది. నాకు ఈ సంగతి ముందే తెలుసు, అయినా జనంతో పాటు తూర్పుకే చూస్తూ నిలబడి, పక్కన ఒక పెద్దాయన భుజం తట్టి చూపించాక తిరిగాను. అప్పటికే నీడ కొస చెరిగిపోవడం మొదలైంది. మీరు ముందురోజే దిక్సూచి చూసుకుని పడమటి గోడ దగ్గర చోటు పట్టుకోండి. పైన గుడి లోపల మాత్రం కెమెరా తియ్యకండి.

మధ్యలో ఇంకో మెట్టు కావాలంటే మలేషియాలో కినబాలు ఉంది, 4,095 మీటర్లు, రెండు రోజుల పని. అక్కడ గైడు లేకుండా ఎక్కనివ్వరు, రోజుకి ఇంతమందే అని లెక్క ఉంటుంది కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. నేను ఎక్కలేదు, అంతకుమించి చెప్పను.

ఊళ్ళోనే తయారవ్వడం

మన ఊరు సముద్రమట్టానికి ముప్ఫై మీటర్ల ఎత్తు కూడా ఉండదు. ఎత్తుకి అలవాటు పడటం ఇక్కడ కుదిరే పని కాదు, ఆ సంగతి అక్కడికెళ్ళాకే. ఇక్కడ చెయ్యగలిగింది కాళ్ళనీ ఊపిరితిత్తులనీ సిద్ధం చేసుకోవడం. బ్యారేజీ మీద నడక మంచిదే కానీ అది చదును, దాంతో పెద్దగా లాభం లేదు. నేను మూడు నెలలు వారానికి రెండుసార్లు మంగళగిరి కొండ మెట్లెక్కాను, ఆదివారాలు కొండపల్లి కోట. గుంటూరు వాళ్ళకి కొండవీడు ఉంది, ఘాట్ రోడ్డు వదిలేసి నడకదారిన ఎక్కితే చెమటలు పట్టిస్తుంది. మొదట ఖాళీ సంచితో, తర్వాత రెండు కిలోల బియ్యం, చివరికి ఎనిమిది కిలోలు. మంగళగిరిలో ఎవరో "ఏంటి బాబూ, మొక్కా?" అని అడిగితే అవునన్నాను, వివరించే ఓపిక లేక. దిగొచ్చేటప్పుడు పానకం ఎలాగూ ఉంటుంది.

ఎక్కడం కంటే దిగడం ఎక్కువ సాధన చెయ్యండి, మోకాళ్ళు పోయేది దిగేటప్పుడే. మండే ఎండల్లో మాత్రం పొద్దున ఆరున్నరకల్లా కిందికి వచ్చెయ్యాలి, లేకపోతే హిమాలయాల దాకా అక్కర్లేకుండా ఇక్కడే వడదెబ్బతో పని అయిపోతుంది. ఇంకో మాట, బాగా పరిగెత్తగలిగినవాళ్ళకి ఎత్తు జబ్బు రాదనుకోకండి. ఫిట్‌నెస్‌కీ దానికీ సంబంధం లేదు. ఒక రకంగా ఫిట్‌గా ఉన్నవాళ్ళకే ప్రమాదం ఎక్కువ, వేగంగా ఎక్కేస్తారు కాబట్టి.

బూట్లు కనీసం రెండు నెలల ముందు కొని ఈ మెట్ల మీదే అరగదియ్యండి. నేను ఒక షాపులో "ట్రెక్కింగ్ షూ" అని రాసి ఉన్నవి కొంటే మూడో ఆదివారానికి కొండపల్లిలో అట్ట ఊడి నోరు తెరిచింది. మంచిదే అయింది, అదే ఎవరెస్ట్ దారిలో లొబుచే ఊళ్ళో ఊడితే చెప్పుల షాపు ఎక్కడ వెతుక్కుంటాం? చలి బట్టల కోసం బెజవాడలో తిరిగి టైము పాడుచేసుకోవద్దు. దూది పరుపులాంటి డౌన్ జాకెట్టు, స్లీపింగ్ బ్యాగు కాఠ్‌మాండూలో తమేల్ బజార్లో అద్దెకి దొరుకుతాయి. లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని మేజోళ్ళు, చేతి తొడుగులు మాత్రం మీవే తీసుకెళ్ళండి. చేతి తొడుగులు రెండు జతలు కావాలి: పైన దళసరివి, లోపల పల్చటివి. దళసరివాటితో కెమెరా బటన్లు నొక్కలేరు, ఏమీ లేకుండా నొక్కితే ఐదు నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారతాయి.

కాగితాలు, డబ్బు, విమానం

నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చూపిస్తే సరిపోతుందిలే అనుకుని బయల్దేరకండి. మన రూపాయికి వాళ్ళ రూపాయి 1.60, ఇది స్థిరంగా ఉండే లెక్క కాబట్టి బేరాల దగ్గర తికమక ఉండదు. వంద నోట్లు ఎక్కువ పట్టుకెళ్ళండి. కొండ దారిలో నామ్చే బజార్ అనే ఊరి దాకా ఏటీఎం ఉంటుంది, దాని పైన చేతిలో నగదే దిక్కు. సాగర్‌మాథా నేషనల్ పార్కు టికెట్టు సార్క్ దేశాల వాళ్ళకి తక్కువ, నేను కట్టింది 1,500 నేపాలీ రూపాయలు, పైన పన్ను. అది కాక అక్కడి గ్రామీణ పాలిక (మన పంచాయతీ లాంటిది) వాళ్ళది ఇంకో రుసుము. భారతీయులమని కార్డు చూపించకపోతే విదేశీయుల రేటు వేస్తారు.

గైడు విషయం: 2023 ఏప్రిల్ నుంచి ఒంటరి విదేశీ ట్రెక్కర్లకి గైడు తప్పనిసరి అని నేపాల్ ప్రకటించింది, ఎవరెస్ట్ ఉన్న ఖుంబు ప్రాంతంలో మాత్రం స్థానికంగా దాన్ని పట్టించుకోలేదు. నిబంధన ఏదైనా, సామాను మోస్తూ దారి కూడా చూపించే ఒక పోర్టర్-గైడుని పెట్టుకోండి. "ఒంటరి ప్రయాణం అన్నావు కదా, తోడెందుకు?" అని మా షాపులో వెక్కిరించారు. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లో ఎత్తైన ఏడు శిఖరాలని 172 రోజుల్లో ఎక్కారు. అంతటివారు 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ చనిపోయారు. ఆయన కాలిగోటికి సరిపోని నేను, ఎవరూ తోడు లేకుండా మంచులోకి వెళ్ళడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నిర్ణయాలు మీవిగా ఉంటే చాలు, అది ఒంటరి ప్రయాణమే. పోర్టరు కూడా మనిషే అన్నది మర్చిపోకుండా బరువు తగ్గించి ఇవ్వండి, ఆయనకి సరైన జాకెట్టు, బూట్లు ఉన్నాయో లేదో కాఠ్‌మాండూలోనే చూడండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు చిన్న అక్షరాలు చదవండి. చాలా పాలసీల్లో ట్రెక్కింగ్‌కి ఎత్తు పరిమితి ఉంటుంది. ఆరు వేల మీటర్ల దాకా వర్తిస్తుందా, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా అని రాతపూర్వకంగా అడిగి ఆ మెయిలు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్లో తియ్యగా మాట్లాడినవాళ్ళు తర్వాత దొరకరు.

ఎవరెస్ట్ నడక మొదలయ్యే లుక్లాకి వెళ్ళే విమానం గురించి భయపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ రన్‌వే 527 మీటర్లు, అంటే మన ప్రకాశం బ్యారేజీ పొడవులో సగం కూడా లేదు, పైగా ఏటవాలు. విమానం ఎగువకి దిగుతుంది, దిగువకి జారుతూ ఎగురుతుంది. అసలు ఇబ్బంది వాతావరణం. మబ్బు పడితే ఆ రోజుకి విమానాలు ఉండవు, కాబట్టి తిరుగు ప్రయాణానికి కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. రద్దీ సీజన్లో చాలా విమానాలు కాఠ్‌మాండూ నుంచి కాకుండా మంథలీ అనే ఊరి నుంచి బయల్దేరతాయి, అంటే అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు జీపులో కుదుపులు తినాలి. సామాను పదిహేను కిలోలకి మించనివ్వరు. చలి బట్టలు, కెమెరా రెండూ అందులోనే సర్దాలి, అందుకే మొదట్లో ఆ కాటా గొడవ.

ఎత్తు దగ్గర తొందరపడితే

ఇక్కడ నేను చేసిన వెధవ పని చెప్పాలి.

పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. 5,500 మీటర్ల దగ్గర అది కింద ఉన్నదాంట్లో సగమే. ఒక్కో ఊపిరికి సగం సరుకే అందుతుందన్నమాట. శరీరం సర్దుకోవడానికి రోజులు పడుతుంది. అందుకే మూడు వేల మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటు కంటే రేపు రాత్రి పడుకునే చోటు దాదాపు అయిదు వందల మీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట ఇంకో రాత్రి ఆగాలి. పగలు ఇంకాస్త ఎత్తుకి ఎక్కి దిగొచ్చు, లెక్క పడుకునే చోటుకే. లుక్లా నుంచి ఫాక్‌దింగ్, అక్కడినుంచి 3,440 మీటర్లలో నామ్చే, అక్కడ రెండు రాత్రులు. తర్వాత తెంగ్‌బోచే 3,860, దింగ్‌బోచే 4,410, అక్కడ మళ్ళీ రెండు రాత్రులు. ఆపైన లొబుచే 4,940, చివరికి గోరక్ షెప్ 5,164. మామూలుగా అందరూ పాటించే వరస ఇది.

నేను నామ్చేలో బుద్ధిగా రెండు రాత్రులు ఉన్నాను. దింగ్‌బోచేకి వచ్చేసరికి ఆకాశం తుడిచినట్టు ఉంది. మబ్బు పట్టకముందే కాలా పత్తర్ మీద సాయంత్రం వెలుగు తియ్యాలన్న ఆత్రంతో రెండో రాత్రి ఎగ్గొట్టి లొబుచే వెళ్ళిపోయాను. మా పోర్టరు "బిస్తారై, భాయ్, బిస్తారై" అంటూనే ఉన్నాడు, మెల్లగా అని. ఆ రాత్రి తలలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు నొప్పి, రెండు వాంతులు, అన్నం ముద్ద చూస్తేనే కడుపులో తిప్పడం. పొద్దున్నే ఆయన నన్ను అడిగిందేమీ లేదు, నా సంచి కూడా తన భుజానేసుకుని కిందికి నడిచాడు. కింద ఫెరిచే అనే ఊళ్ళో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్కు ఉంది, 1973 నుంచీ నడుస్తోంది. అక్కడ డాక్టరు నన్ను ఒక కాలి మడమకి ఇంకో కాలి వేలు ఆనించి గీత మీద నడవమన్నారు. నడవగలిగాను, కాబట్టి రెండు రాత్రులు కింద ఆగి తలనొప్పి పూర్తిగా పోయాక మళ్ళీ ఎక్కమన్నారు. తూలి ఉంటే మెదడుకి నీరు పట్టినట్టు లెక్క, అప్పుడు ఫొటోలూ లేవు ఏమీ లేవు, తక్షణం కిందికే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, తడి దగ్గు కూడా అంతే సంగతి. ఎక్కేటప్పుడు తలనొప్పి వస్తే, ఇంకేదో అని తేలేదాకా అది ఎత్తు వల్లే అనుకోండి, అది పోయేదాకా పైకి అడుగు వెయ్యకండి.

సీజన్లో ఆ క్లినిక్కులో మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు గురించి ఉచితంగా చెప్తారు, వెళ్ళేటప్పుడే ఆగి వినండి. నేను వెళ్ళేటప్పుడు మబ్బుల్ని చూసుకుంటూ పక్క దారిన పోయాను. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర గురించి ఇక్కడ బయల్దేరే ముందే మీ డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళయితే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. వేసుకుంటే వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ లేవాల్సొస్తుంది, కంగారు పడొద్దు. కరోనా టైములో కొన్న ఆక్సీమీటరు పట్టుకెళ్ళేవాళ్ళుంటారు. అక్కడ ఎనభై చూపించడం మామూలే, ఇక్కడైతే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళం. అంకె కంటే మీ తలా కడుపూ ఏం చెప్తున్నాయో అది వినండి.

తిండి దాల్‌భాతే, అన్నం పప్పు అడిగినంత మళ్ళీ వడ్డిస్తారు, మనకి ఇంతకంటే ఏం కావాలి. కానీ ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. నన్ను కాపాడింది పావుకిలో కందిపొడి, చిన్న సీసాలో గోంగూర పచ్చడి. ఆ పచ్చడి కోసం రెండ్రోజుల్లో పక్క బల్ల వాళ్ళు కూడా స్నేహితులయ్యారు.

కెమెరా సంగతులు

ఏం పట్టుకెళ్ళాలి? ఒక బాడీ, 24-105 ఎంఎం లాంటి ఒకే జూమ్ లెన్సు. అంతే. కొండలంటే వైడ్ లెన్సు (ఎక్కువ వెడల్పు పట్టేది) అనుకుంటారు చాలామంది, అది తప్పు. వైడ్‌లో 6,812 మీటర్ల అమా దబ్లామ్ కూడా చీమలపుట్టలా కనిపిస్తుంది. కొండ పెద్దగా, మీదికొస్తున్నట్టు కనిపించాలంటే 70 పైన జూమ్ చెయ్యాలి. నేను మోసుకెళ్ళిన రెండో లెన్సు, వైడుది, పదమూడు రోజుల్లో నాలుగు ఫొటోలు తీసింది. ట్రైపాడు కూడా ఇంట్లోనే వదిలెయ్యండి. ఒక గుడ్డ సంచి ఖాళీది పట్టుకెళ్ళి, లాడ్జీలో బియ్యమో పప్పో అడిగి పోయించుకుని, దాన్ని రాతి గోడ మీద పెట్టి దాని మీద కెమెరా ఆనిస్తే ఇరవై సెకన్ల నక్షత్రాల ఫొటో కూడా కదలకుండా వస్తుంది. పొద్దున్నే బియ్యం తిరిగిచ్చెయ్యండి.

బ్యాటరీలు చలికి ఉత్తినే దిగిపోతాయి. నాలుగు ఉంచుకోండి, పగలు లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి, రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీతోపాటే పడుకోవాలి. 1953 మే 29న ఎవరెస్ట్ మొదటిసారి ఎక్కినప్పుడు హిల్లరీ కూడా కెమెరాని చలికి గడ్డకట్టకుండా చొక్కా లోపల పెట్టుకునే తీసుకెళ్ళాడు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చెకిన్ సామానులో వెయ్యకూడదు, చేతి సంచిలోనే. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి చాలు, పైన లాడ్జీల్లో చార్జింగుకి గంటల లెక్కన డబ్బులు తీసుకుంటారు, ఎత్తు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది.

బ్యాటరీ కంటే ఎక్కువగా ఏడిపించేది ఆవిరి. తెంగ్‌బోచేలో సాయంత్రం అమా దబ్లామ్ మీద ఎర్రటి వెలుగు మొదలవుతుంటే, చలి తట్టుకోలేక "ఒక్క నిమిషం" అని కెమెరాతో సహా డైనింగ్ హాల్లోకి వెళ్ళాను. మధ్యలో పొయ్యి భగభగ మండుతోంది, ఎండిన జడలబర్రె పిడకలతో. బయటికొచ్చేసరికి లెన్సంతా చెమట, తుడిస్తే మళ్ళీ, తుడిస్తే మళ్ళీ. అది ఆరేలోపు కొండ బూడిదరంగులోకి తిరిగింది. బయటి నుంచి వెచ్చని గదిలోకి వెళ్ళే ముందే కెమెరాని గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టి మూసెయ్యండి, గంట దాకా తెరవకండి. ఇంకా తియ్యాల్సింది ఉంటే అసలు లోపలికే తీసుకెళ్ళకండి.

మంచుని కెమెరా బూడిదరంగులో చూపిస్తుంది, ఎందుకంటే దానికి తెల్లటిదంతా ఎక్కువ వెలుగులా తోస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ప్లస్ ఒకటి దాకా పెంచండి, ఎండ బాగా ఉంటే ఒకటిన్నర, హిస్టోగ్రాం (కెమెరా చూపించే వెలుగు గ్రాఫు) కుడి గోడకి తగలకుండా చూసుకుంటూ. రా (RAW) ఫైల్లోనే తియ్యండి. పోలరైజర్ ఫిల్టర్ ఆ ఎత్తులో అక్కర్లేదు, ఆకాశం అసలే ముదురు నీలం, ఇంకా తిప్పితే సిరా ఒలికినట్టవుతుంది. డ్రోను అనుమతి లేకుండా ఎగరెయ్యకండి.

ఇక అసలు ఫొటో గురించి. బేస్ క్యాంపు నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు, ఇది తెలియక అక్కడిదాకా వెళ్ళి బిక్కమొహం వేసేవాళ్ళని చూశాను. కనిపించేది గోరక్ షెప్ పక్కనున్న కాలా పత్తర్ మీదినుంచి. ఎవరెస్ట్ అక్కడికి తూర్పున ఉంటుంది. గైడ్లు అందరినీ తెల్లవారుజామున నాలుగింటికి లేపి ఎక్కిస్తారు, పైకెళ్ళాక సూర్యుడు సరిగ్గా ఎవరెస్ట్ వెనకనుంచి వస్తాడు, మీకు దక్కేది నల్లటి నీడ. సాయంత్రం ఎక్కండి. చివరి వెలుగు కింద లోయంతా ఆరిపోయాక కూడా ఎవరెస్ట్ ముక్కోణం మీద ఒక్కదాని మీదే నిలిచి, పసుపు నుంచి నారింజ, నారింజ నుంచి కుంకుమ రంగుకి తిరుగుతుంది. మధ్యాహ్నం రెండున్నరకల్లా బయల్దేరితే ఆగి ఆగి ఎక్కినా సరిపోతుంది. సాయంత్రాలు మబ్బు పట్టే అవకాశం ఎక్కువ, అందుకని గోరక్ షెప్‌లో రెండు రాత్రులు పెట్టుకోవాలి, నాకు రెండో సాయంత్రమే దక్కింది. దిగేది చీకట్లో కాబట్టి తలకి కట్టుకునే టార్చి, దానికి కొత్త బ్యాటరీలు, పక్కన మనిషి తప్పనిసరి. అక్టోబర్, నవంబర్ నెలల్లో గాలి తేటగా ఉంటుంది. మార్చి నుంచి మే దాకా కింది అడవుల్లో లాలీగురాస్ పూలు బాగుంటాయి కానీ దూరం మసకగా ఉంటుంది.

దారిలో మంత్రాలు చెక్కిన రాతి గోడలు వస్తాయి, అవి మీ కుడివైపు ఉండేలా నడవాలి. జడలబర్రెల వరస ఎదురైతే కొండ వైపుకి ఒదగండి, లోయ అంచున నిలబడి ఫొటో తియ్యబోతే ఒక్క మూట తగిలినా చాలు. మనుషుల్ని అడిగి తియ్యండి. హిందీ చాలామందికి వచ్చు, మన హిందీ వాళ్ళకి అర్థమవుతుంది కూడా.

ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలి

బయల్దేరే ముందు ఏ రాత్రి ఏ ఊళ్ళో ఉంటానో కాగితం మీద రాసి అమ్మకి ఒకటి, షాపులో ఒకటి ఇచ్చాను. దాంతోపాటు ఇంకో మాట కూడా తేల్చుకోవాలి: ఎన్ని రోజులు కబురు రాకపోతే కంగారు పడాలి? నేను అది తేల్చకుండా వెళ్ళాను. ఫెరిచేలో ఒక రోజు సిగ్నల్ లేకపోతే మా అమ్మ కాఠ్‌మాండూ హోటలుకి పదకొండుసార్లు ఫోను చేయించింది. ఇప్పుడైతే ఒప్పందం ఉంది, మూడు రోజుల దాకా టెన్షన్ పడకూడదు, నాలుగో రోజు ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోను చెయ్యాలి, నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది.

రోజుకొక్కసారైనా మీ కెమెరా పోర్టరుకో పక్కవాళ్ళకో ఇచ్చి మీ ఫొటో తీయించుకోండి. ఎవరెస్ట్ శిఖరం మీద హిల్లరీ ఫొటో లేదు, ఆయనతో ఎక్కిన టెన్జింగ్ ఫొటోనే ఉంది, తీసినవాడు హిల్లరీ కాబట్టి. నేను పదకొండు వందల ఫొటోలు తెచ్చి టీవీకి తగిలించి చూపిస్తుంటే మా అమ్మ అరగంట ఓపిక పట్టి "అన్నీ రాళ్ళేనా, నువ్వేడిరా ఇందులో?" అంది. నేనున్నవి రెండే, ఒకదాంట్లో కళ్ళు మూసుకున్నాను.

చివరగా, మెమరీ కార్డులు రెండు వేరువేరు సంచుల్లో పెట్టుకుని రండి, పోతే ఒకటే పోతుంది. గన్నవరంలో విమానం దిగగానే కెమెరా బయటికి తియ్యకండి, ఏసీలో గంటల తరబడి చల్లబడిన లెన్సు మన ఉక్కపోతకి తెంగ్‌బోచేలో లాగానే చెమట పడుతుంది. ఇంటికెళ్ళి స్నానం చేసి, పెరుగన్నం తిని పడుకోండి. సంచి పొద్దున తెరవొచ్చు.